తల్లిమొక్కల మీద పసుపు పొడి

"దొరికాడు! దొరికాడు!"

కొండ మీంచి కేక వినగానే ఎవోదియా పెనం మీది రొట్టెను అలాగే వదిలేసి పరుగెత్తింది.

మబ్బు నేల మీదే కూచుని ఉంది. దగ్గరికి వెళ్లేదాకా ఎవరూ కనిపించలేదు.

ఊరి కావలివాడు మక్లోవియో ఒక ముసలాణ్ణి మెడ పట్టి నిలబెట్టాడు. ముసలాడి చేతిలో టర్కీకోడి ఈక. మెడలో చిన్న సొరబుర్ర. అందులో పసుపు పొడి.

పక్కనున్న తల్లిమొక్క కంకి మీదా అదే పొడి.

"పక్క ఊరు తొన్యాక్ వాడు అత్తా! ఆ టోపీ చూస్తే తెలీడంలా? సరిహద్దు గొడవలో మనమీద గెలవలేక చేతబడికి దిగారు."



యలీనా కొండ మీద మిగిలిన మబ్బీతలు నాలుగే. నాలుగూ తల్లిమొక్కలు. ఈతమట్టల్లాంటి ఆ ఆకులు లేనిదే ఊళ్లో సిలువ పండగ లేదు. సన్న కంకి వేసి గింజ కాయని గొడ్డుమొక్కల్ని తాతలు కాఫీ తోటల కోసం ఎప్పుడో కొట్టేశారు. ఏం పాపమో, ఆ తరవాత తల్లిమొక్కల గింజలు కూడా మొలవడం మానేశాయి.

నారుమడి ఎవోదియా చేతికి వచ్చాకే మళ్లీ మొలకలు లేచాయి. చెయ్యంటే ఆమెదే, అంది ఊరు. పిల్లల్లేని ఎవోదియాకు అవే పిల్లలు.

"ఏం పొడిరా ఇది? నా పిల్లల్ని చంపడానికా?"

ముసలాడికి వాళ్ల మాట సరిగా రాదు. కంకిని చూపించి, "పెళ్లి... పెళ్లి" అన్నాడు.

చుట్టూ చేరినవాళ్లు గొల్లుమన్నారు.

"ఎవరికి తాతా, నీకా? పిల్ల ఒంటినిండా ముళ్లే, చూసుకో మరి!"

"పొద్దున్నే మెస్కాల్ సారా పట్టించినట్టున్నాడు."

ముసలాడు నవ్వలేదు. పైకి చూశాడు. "వాన... వస్తే పోతుంది. తొందర" అంటూ ఈకతో కంకి మీదికి వంగబోయాడు.

మక్లోవియో ఈకను లాక్కుని విరిచేశాడు.

ఎవోదియా సొరబుర్రను లాక్కుని పొడంతా వాగులో పారబోసింది.

నీళ్ల మీద పసుపు చార సాగిపోతుంటే ముసలాడు దాన్నే చూస్తూ చతికిలబడ్డాడు.

ఆ రోజు అతన్ని ఊరి కొట్లో పెట్టి గొళ్లెం వేశారు. ఆ కొట్టు కప్పు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది.

ఎవోదియా సబ్జా ఆకులు వేసిన నీళ్లు మోసుకొచ్చింది. ముళ్లు చేతులు గీరేస్తున్నా లెక్కచెయ్యకుండా నాలుగు మొక్కల కంకుల్నీ కడిగింది. చంటిపిల్ల చెవులు కడిగినట్టు, సందు సందునా వేలు పెట్టి. కోడిగుడ్డుతో దిష్టి తీసింది.

మర్నాడు ముసలాణ్ణి పొలిమేర దాటించారు. నారుమడి పక్కగా పోతూ అతను ఆగాడు. మొలకల్ని చూడగానే ముఖం విచ్చుకుంది. వంగి ఒక చిగురును వేలికొసతో తాకాడు.

"కన్ను పెట్టకు! ఫో!" అని ఎవోదియా ఉమ్మేసింది.

అతను దగ్గుకుంటూ మబ్బులోకి దిగిపోయాడు.

మరుసటి ఏడు కంకులు పండి విడిపోయాయి. గింజలు ఎప్పటిలాగే నున్నగా, బొద్దుగా ఉన్నాయి. ఎవోదియా వాటిని నీళ్లతొట్టిలో వేసింది. మంచి గింజ మునుగుతుంది.

అన్నీ తేలాయి.

ఒకటి పగలగొట్టింది. డొల్ల. ఇంకొకటి. అదీ డొల్లే.

"కడిగినా వదల్లేదత్తా" అన్నాడు మక్లోవియో.

"చేసినవాడి చేతే తీయిస్తా. వాడి గుమ్మంలో కూచుంటా."

"తొన్యాక్ వెళ్తావా! కాళ్లు విరగ్గొడతారు."

"విరగ్గొట్టనీ."

శాలువా కప్పుకుని ఒక్కతే సరిహద్దు దాటింది.

తొన్యాక్ పైవాలు మీద ఆమె కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. ఎదురుగా మబ్బీతలు, గుంపుగా. తాతలు కొట్టేసిన గొడ్డుమొక్కల్లాంటివే. సన్న కంకులు విచ్చుకుని ఉన్నాయి. పక్కనుంచి నడిస్తే చాలు, పసుపు పొడి జలజలా రాలుతోంది.

అవతల ఒక గుడిసె. గుమ్మంలో ముసలామె బీన్సు ఏరుతోంది.

"ఈక పట్టుకుని మా కొండకొచ్చే ముసలాడు ఎక్కడ?" అంది ఎవోదియా, గొంతు పెంచి.

"ఫిదెన్సియోనా? పోయాడమ్మా. పోయినేడు మీ కొండ నుంచి తడిసి వచ్చాడు. దగ్గు పట్టుకుంది, ఇక వదల్లేదు. రా, కూచో. సంతలో మిరపకాయలు అమ్మీ అమ్మీ మీ మాట నేర్చుకున్నాలే."

ఎవోదియా కూచోలేదు.

"మా కొండతో ఆయనకేం పని?"

"మా దగ్గరున్నవన్నీ మొగవే తల్లీ. ఒక్క గింజ కాయదు. ఆడవేమో మీ దగ్గరుండిపోయాయి. వెనకటికి ఈ పొడి మోసుకెళ్లే పురుగులుండేవి, అవీ పోయాయి. అందుకని ఆయనే మోసేవాడు. మావాళ్లకు తెలిసినా తన్నేవాళ్లే. 'ఏ కొండ మీదైతే ఏంటే, పుడితే చాలు' అనేవాడు."

ముసలామె చేట పక్కన పెట్టింది.

"ఈ ఏడూ కంకులు విచ్చాయి. మోసేవాళ్లే లేరు."

ఎవోదియా వెనక్కి తిరిగి ఆ మొక్కల గుంపు వైపు చూసింది.

"అన్నట్టు, మీ ఊళ్లో ఒకావిడ ఉందట. మొలకల్ని చంటిపిల్లల్లా సాకుతుందట. 'పెళ్లి నేను చేసొస్తా, పురుడు ఆవిడ పోస్తుంది' అని నవ్వేవాడు. ఆవిడ బాగుందా?"

ఊరంతా తన చేతిచలవ అని మురిసిపోయిన ప్రతి మొలక వెనకా ఉన్న పెళ్లిపెద్ద ఎవరో అప్పటికి తెలిసి, శాలువా మీద రాలిన పసుపు పొడిని దులుపుకోవడానికి ఎవోదియాకు చెయ్యి రాలేదు.