పనికిరాని పీసులు

“పాడైపోయిన పీసులు ఇస్తారా అమ్మా?”

గేటు దగ్గర నిలబడ్డ పెద్దమనిషి అలా అడిగేసరికి మేనేజరమ్మకు నవ్వాగలేదు.

వినికిడి మిషన్లు తయారుచేసే ఫ్యాక్టరీ అది. పట్టుబట్టి కొత్త యంత్రాలు తెప్పించింది ఆవిడే. చెవి కొలత ఇస్తే చాలు, అచ్చం ఆ చెవికి సరిపోయే మిషను సాయంత్రానికల్లా తయారు.

ఆస్పత్రుల వాళ్ల పెద్ద ఆర్డరు వస్తే రెండో షెడ్డు తెరిపిస్తానని పనివాళ్లందరికీ మాటిచ్చింది. పోటీకి మిగిలింది ఇంకొక్క కంపెనీయే. ఆవిడ ధీమా చూస్తే ఆర్డరు అప్పుడే కొంగున ముడేసుకున్నట్టుంది.

“ఆ చెత్తతో ఏం చేసుకుంటారు బాబాయ్‌గారూ?”

“చూసుకుంటానమ్మా. ఇవెందుకు పాడయ్యాయో ఎవరికైనా తెలుసా?”

“చెత్తకు జాతకం కూడా రాయించాలా?”

వెనకున్న సూపర్‌వైజరు పగలబడి నవ్వాడు. “అడ్డం తొలగితే అదే పదివేలు,” అంటూ ఒక డబ్బా నిండా ఎత్తి తెచ్చిచ్చాడు.

ఆయన అక్కడే నిలబడి ఒక్కో పీసునూ అరచేతిలో పెట్టుకుని చూశాడు.

“అన్నీ ఒక్కచోటే పగిలాయమ్మా. కాస్త కూర్చుంటే మాట్లాడుకుందాం.”

“రేపు ఆస్పత్రుల వాళ్లొస్తున్నారండీ. మంచి సరుకు చూపించుకోవడానికే ఊపిరాడట్లేదు, ఇక చెడ్డదాని గురించి కూర్చోవడమా!”

“అదీ నిజమేలెండి,” అని ఆయన డబ్బా చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

“పిచ్చి మారాజు,” అన్నాడు సూపర్‌వైజరు.

మర్నాడు ఆస్పత్రుల తరఫున ఇద్దరొచ్చారు. ఏ ప్రశ్న వేసినా ఆవిడ తడుముకోలేదు. యంత్రాలు చూసి వాళ్లు నోరెళ్లబెట్టారు. మా పెద్దాయనతో మాట్లాడి కబురు చేస్తామన్నారు.

కబురొచ్చింది. ఆర్డరు అవతలి కంపెనీకి పోయింది.

పనివాళ్లకు ముఖమెలా చూపించాలి? ఆవిడ నేరుగా ఆస్పత్రుల వాళ్ల ఆఫీసుకే వెళ్లి నిలదీసింది.

“వాళ్ల మిషన్లు మావాటికంటే గొప్పవా?”

“లేదు మేడం, ఇవాళ్టికి మీవే గొప్పవి,” అన్నాడు మొన్న వచ్చినవాళ్లలో ఒకతను. “తేల్చింది మా పెద్దాయన. లోపలే ఉన్నారు, అడగండి.”

ఆవిడ విసురుగా తలుపు తోసింది.

“రండమ్మా,” అంది లోపలి గొంతు. “అవతలి కంపెనీవాళ్లనీ అడిగాను. ఒక్క పాడైన పీసు కూడా ఇవ్వలేదు. ఎందుకు పాడైందో తేలేదాకా అది గేటు దాటదన్నారు. అలాంటివాళ్లు ఏడాది తిరిగేసరికి మిమ్మల్ని దాటేస్తారు.”

ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

బల్ల మీదున్న డబ్బాలోంచి పగిలిన పీసొకటి తీసి ముందుంచుతూ, “ఇప్పుడైనా కాస్త కూర్చుంటారా అమ్మా?” అన్నాడు గేటు దగ్గరి బాబాయ్.