దారానికి వేలాడిన అప్పడం

చేతులు వెనక్కి కట్టుకుని పైమిన్ నోరు తెరిచాడు. దారానికి వేలాడుతున్న రొయ్యల అప్పడాన్ని భార్య తుమిని చటుక్కున పక్కకి లాగేసింది.

“నిరుడు జెండా పండుగనాడు అప్పడం తినే పోటీలో నన్ను చూసి వీధంతా నవ్వింది చాలదూ? నువ్వు కూడానా?”

“తిట్టే నోటికి అప్పడం అందదయ్యా. ఊఁ, తెరువు.”

ఈసారి పోటీ వచ్చేదాకా నెల్లాళ్లూ ఇదే వేళాకోళం.

పోటీనాడు ఈల వేయగానే గాలి లేచింది. అప్పడాలు చెంపల మీద వాయిస్తుంటే మిగతావాళ్లు కప్పల్లా ఎగురుతున్నారు. తన అప్పడం ఎటు పోతుందో పైమిన్‌కి ముందే తెలుస్తోంది.

నములుతూ గుంపులోకి చూశాడు. అందరూ నవ్వుతున్నారు, తుమిని తప్ప. ఆమె పెదవి కొరుక్కుంటూ, చేతిలో లేని దారాన్ని అటూ ఇటూ ఊపుతోంది.

“నీ అప్పడానికి గాలి తగల్లేదా?” ఓడిన పొరుగాయన ఉక్రోషంగా అడిగాడు.

“తగిలింది లేవోయ్. మా ఇంట్లో ఇంతకన్నా గట్టిగా వీస్తుంది.”