ఉయ్యాల గది

తలుపు ధడాలున మూసుకుంది, కోడలి ముక్కుకి బెత్తెడు దూరంలో.

"లోపలికి రాకండమ్మా!" లోపలినుంచి, గోడలకి రంగు వేయడానికొచ్చిన రంగులావిడ కేక.

"మంచినీళ్ళు తెచ్చాను!"

"గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోండి. దుమ్ము లేస్తోంది."

కోడలు చెంబు కింద పెట్టి, తన ఇంట్లో తానే చుట్టంలా వెనక్కి తిరిగింది.

వంటింట్లోంచి అత్తగారు ఇదంతా చూస్తూనే ఉంది.

"ఎంత పొగరే దానికి! ఇంటావిడ మొహం మీదే తలుపేస్తుందా?"

"నా మంచికే కదా అత్తయ్యా."

"మంచి చెప్పడానికి గొంతు చించుకోవాలా?"

ఆ గది పుట్టబోయే బిడ్డకోసం. ఆకాశం రంగని భర్త, నిమ్మపండు రంగని అత్తగారు నెల్లాళ్ళుగా వాదులాడుకుంటున్నారు. కోడలికి ఏ రంగైనా ఒకటే. అసలు రంగు వేయించడమంటేనే భయం.

నిరుడు ఒక కడుపు నిలవలేదు. ఎందుకు నిలవలేదో ఎవరూ చెప్పలేకపోయారు. అప్పటినుంచి సబ్బు వాసనకి కూడా ఉలిక్కిపడుతోంది.

"కడుపుతో ఉన్నవాళ్ళ ఇంట్లో రంగులు వేయించుకోవచ్చా డాక్టరుగారూ?" వెళ్ళినప్పుడల్లా అదే ప్రశ్న.

"కొత్త రంగుదేముంది, కిటికీలు తెరిచిపెట్టి మీరు దూరంగా ఉండండి, చాలు. కానీ మీది పాత ఇల్లన్నారు. పాత రంగులో సీసం ఉండొచ్చు. గీకినప్పుడు లేచే దుమ్ము కడుపులో బిడ్డకి మంచిది కాదు. ఆ దరిదాపులకు వెళ్ళకండి."

"నేనే గీకేస్తాను" అని భర్త చొక్కా చేతులు మడిచాడు.

"నువ్వు మేకు కొడితేనే గోడ ఊడొస్తుంది, ఊరుకోరా" అంది తల్లి.

అలా మేస్త్రీకి కబురు వెళ్ళింది. మేస్త్రీ రంగులావిడని పంపాడు.

మగవాళ్ళ వదులు చొక్కా మోకాళ్ళదాకా వేలాడుతోంది. ముక్కుకీ నోటికీ గుడ్డ. కళ్ళు తప్ప మరేమీ కనబడవు.

"చూడమ్మా, మా కోడలు కడుపుతో ఉంది. ఆ దుమ్ము తగలకూడదని డాక్టరు మరీ మరీ చెప్పారు" అని ఆవిడ రాగానే చెప్పింది అత్తగారు.

"కడుపుతో ఉన్నవాళ్ళకి అంత చెడ్డదా?"

"కడుపులో బిడ్డకట."

రంగులావిడ గోడకేసి కాసేపు చూసింది. తర్వాత మొహానికున్న గుడ్డ ముడి బిగించుకుంది.

గోడని తడిపి తడిపి గీకింది. తలుపు కింద సందులో తడిగుడ్డలు కుక్కింది. మధ్యమధ్యలో పెరట్లోకి పోయి నిలబడేది.

"పని తక్కువ, షికార్లెక్కువ. బీడీ కాలుస్తోందేమో" అని అత్తగారు గొణిగింది.

మర్నాడు మధ్యాహ్నం గీకుతున్న చప్పుడు ఆగిపోయింది. ఎంతసేపటికీ వినబడలేదు.

అత్తగారు తలుపు తోసి చూసింది. రంగులావిడ గోడకి తల ఆనించి, కళ్ళు మూసుకుని నేలమీద కూర్చునుంది. గాభరాగా లేవబోయి, తూలి, నిచ్చెన పట్టుకుంది.

"తాగొచ్చావా?"

"లేదు పెద్దమ్మగారూ. కాస్త కళ్ళు తిరిగాయి."

"తాగిన ప్రతివాళ్ళూ అనే మాటే!"

"ఇంకో మూల గీకితే అయిపోతుంది. మేస్త్రీకి చెప్పకండి. మళ్ళీ నన్ను పనికి పిలవడు."

దూరంగా హాల్లో నిలబడ్డ కోడలికి అన్నీ వినబడుతున్నాయి. 'పోనివ్వండి అత్తయ్యా' అనాలని నోటిదాకా వచ్చింది. కానీ నిజంగానే తాగి, ఆ మత్తులో తలుపు తెరిచి వదిలేస్తే? చెయ్యి దానంతటదే పొట్టమీదికి పోయింది.

అత్తగారు మేస్త్రీకి ఫోన్ చేసింది.

రంగులావిడ రాలిన రంగు పొడంతా తడిగుడ్డతో తుడిచి, మూట కట్టుకుంది. హాల్లో కోడలు కనబడగానే ఆగిపోయింది. తన చొక్కా నిండా ఉన్న దుమ్ము చూసుకుని, వెనక్కి తిరిగి, పెరటి దారిన చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది.

"చెప్పకుండానే పోయింది, రోషం చూడు!" అంది అత్తగారు.

మిగతా పని మేస్త్రీయే వచ్చి పూర్తిచేశాడు. చివరికి నిమ్మపండు రంగే గెలిచింది. ఆ సాయంత్రం అత్తగారు దేవుడికి దణ్ణం పెట్టుకుంది. "చల్లగా చూశావు తండ్రీ, పసిగుడ్డుకి ఆ దుమ్ము సోకకుండా కాపాడావు."

కోడలూ చేతులు జోడించింది. ఎందుకో మనసు నిలవలేదు.

ఆ వారమే ఆసుపత్రికి వెళ్ళింది. వరండాలో బెంచీమీద ఎవరో ఒడిలో పెద్ద సంచీ పెట్టుకుని కూర్చున్నారు. కళ్ళు చూసి పోల్చుకుంది. గుడ్డ లేని ఆ మొహం చూస్తే, తనకంటే వయసులో చిన్నది.

"నువ్వా!" అంటూ పక్కనే కూర్చుంది. "అయితే ఆ రోజు నిజంగానే ఒంట్లో బాగాలేదా?"

రంగులావిడ తలూపింది.

"మా అత్తయ్య అలా అంటుంటే నేనైనా ఆపాల్సింది."

"పోనివ్వండమ్మా. దుమ్ము మీదాకా రాలేదు కదా?"

"నువ్వు రానిచ్చావా?"

రంగులావిడ నవ్వింది. అంతలోనే గొంతు తగ్గించింది.

"ఒక మాట అడుగుతాను. ఆ దుమ్ము గురించి డాక్టరుగారు మీతో ఏమన్నారమ్మా?"

"నేను ఆ గదిలో అడుగు పెట్టలేదు కదా, భయం లేదన్నారు."

"పెట్టినవాళ్ళకి?"

"పెద్దవాళ్ళు ఎలాగో తట్టుకుంటారనుకుంటా. ప్రమాదమంతా కడుపులో పసిగుడ్డుకే."

రంగులావిడ ఒళ్ళో సంచీని గట్టిగా హత్తుకుంది.

ఎదురుగా తలుపు తెరుచుకుంది. నర్సు తల బయటపెట్టింది.

"ఆరో నెల వాళ్ళు లోపలికి రండి."

బెంచీ మీంచి ఇద్దరూ లేచారు.