సమాధులకు దారి

సున్నం బకెట్టుతో కాలేజీ గేటు దగ్గరే ఆగిపోయాను. రేపు సమాధుల పండగ. ఉప్పుగాలికి మా ఆయన సమాధి సున్నం ఏడాదికే రాలిపోతుంది. అక్కడికి దారి ఇంజనీరింగ్ కాలేజీలోనుంచే. మా ఊరివాళ్లం కాలేజీకి పొలాలు ఇచ్చిననాడు ఆ దారి ఎన్నటికీ మూసేది లేదని మాటిచ్చారు.

కాలేజీలో ఆఫీసరుగా ఉన్న గిద్యోను బయటికొచ్చాడు. చిన్నప్పుడు నా వంటింట్లో అన్నం తిన్న మా ఊరి పిల్లోడే.

“లోపలికి పోకూడదంట అవ్వా. ఇప్పుడిది యూనివర్సిటీ అయింది.”

“అయితే? యూనివర్సిటీకి సమాధులంటే భయమా?”

“మాటిచ్చింది కాలేజీ. ఆ కాలేజీ ఇప్పుడు లేదు. వచ్చే వారం ఆ సమాధులన్నీ చదును చేసి హాస్టల్ కడతారు.”

కోపం రాలేదు, వాడి మీద జాలేసింది. చెయ్యి పట్టుకున్నాను.

“అయ్యో నాయనా! మీ అమ్మ ఎస్తేరు సమాధి కూడా ఆడనే కదరా ఉండేది! పద, ఇద్దరం పోయి పెద్దసారును అడుగుదాం.”

గిద్యోను చెయ్యి విడిపించుకున్నాడు.

“అమ్మ సమాధిని కావలి టౌనుకు మార్చేసినాం అవ్వా.”

“ఎప్పుడు?”

“ఈస్టరు అయినాక.”

ఈస్టరు పోయి ఆర్నెల్లు దాటింది. ఇన్ని ఆదివారాలూ చర్చి మెట్ల మీద, “వందనాలు అవ్వా, బాగుండావా?” అని నవ్వుతూనే అడిగాడు.