తొందరేం లేదు

“తొందరేం లేదు నాయనా. నిదానంగా రా,” అంది ఫోన్‌లో పెద్దావిడ.

హార్లన్ ఫోన్‌ని చెవి దగ్గర్నుంచి తీసి ఓసారి చూసుకున్నాడు. పికప్ వెనక ట్రెయిలర్ తగిలించుకుని జనం కార్లు ఊళ్ళు దాటించడం అతని బతుకుతెరువు. ఇన్నేళ్ళుగా ఫోన్ మోగితే ఒకటే ప్రశ్న, ఎప్పుడొస్తావ్ అని. నిదానంగా రమ్మన్న మనిషి తగలడం ఇదే మొదలు.

ఆవిడ పేరు వెర్నా. ఉండేది టెనెసీలో ఓ పల్లె. ఆవిడకి చేర్చాల్సింది కారు కూడా కాదు, అమరిల్లో అనే ఊరి బయట పాత బండ్ల యార్డులో పడి ఉన్న ఓ పికప్. ముందు భాగమంతా నుజ్జు. దాన్ని ఇనప తాడు చుట్టే వించ్‌తో ట్రెయిలర్ మీదికి లాగేసరికి హార్లన్ నడుం పడిపోయింది.

“ఈ డొక్కు కోసం అంత దూరం నుంచి కిరాయి మాట్లాడిందా?” అన్నాడు యార్డు వాడితో.

“విడిభాగాలకేమోలే. నీకెందుకు, కట్టుకో.”

కట్టుకున్నాడు. చక్రాలకి పట్టీలు బిగించాడు. దాని వెనక బంపరు దగ్గర, ట్రెయిలర్ తగిలించే ఇనుప గుండు అరిగి నున్నగా మెరుస్తోంది. ఇదీ మన బండిలా బరువులు లాగిన జాతిదే పాపం అనుకున్నాడు. దాని ముందు ఓ ఎర్ర కారు అప్పటికే ఎక్కి ఉంది. అది దారిలో లిటిల్ రాక్‌లో దింపాలి.

ఓక్లహోమాలో ఉండగా భార్య ట్రీనా ఫోన్ చేసింది.

“రేపు సాయంత్రం జోసీ ట్రంపెట్ కచేరీ. గుర్తుందా, మళ్ళీ మర్చిపోయావా?”

“గుర్తుంది.”

“కిందటిసారీ ఇదే అన్నావ్. పిల్ల వాయించినంతసేపూ తలుపు వంకే చూసింది. ఈసారి రాకపోతే నీకోసం కుర్చీ కూడా పట్టను.”

“వస్తానంటున్నాగా తల్లీ!”

“అయితే తొక్కు. త్వరగా రా.”

తొక్కాడు. ఆ రాత్రి సీట్లోనే ముడుచుకుని ఓ కునుకు తీశాడంతే. పొద్దున్నకి కళ్ళల్లో ఇసుక పోసినట్టుంది. లిటిల్ రాక్‌లో ఎర్ర కారు ఆసామి ఎందుకాలస్యమని కసిరి, గీతలేమైనా పడ్డాయేమోనని కారు చుట్టూ వంగి వంగి వెతుక్కున్నాడు. మంచినీళ్ళు కావాలా అని మాత్రం అడగలేదు.

మధ్యాహ్నం ఎండ. రోడ్డు ఎటూ తిరగదు. అటూ ఇటూ పొలాలు. హార్లన్ నిద్ర ఆపుకోవడానికి పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాడు. వెర్నా మళ్ళీ ఫోన్ చేసింది. ఆవిడ ఫోన్ సరిగ్గా కళ్ళు మూతలు పడే వేళకే వస్తుంది.

“భోంచేశావా?”

“చేశానమ్మా.”

“అబద్ధం. గింజలు నములుతున్నావ్, వినిపిస్తోంది.”

హార్లన్‌కి ఒళ్ళు మండింది. “మీ బండి భద్రంగానే ఉందమ్మా!”

“బండి సంగతి నేనడిగానా?”

ఏదో అనబోయాడు. ఇంతలో చక్రం రోడ్డంచుకి జారి, కునికే డ్రైవర్లని లేపడానికి అక్కడ కోసిన గరుకు గాట్లు బరబరమన్నాయి. ఉలిక్కిపడి స్టీరింగు తిప్పాడు.

“గీత దాటావు కదూ?” అంది ఆవిడ. “పక్కకి తీసి పడుకో. నువ్వు రేపొచ్చినా నాకు పర్లేదు.”

“మీకు పర్లేదు. మా ఇంట్లో పర్లేదా?”

“పడుకో నాయనా. నీకు దణ్ణం పెడతా,” అంది.

త్వరగా రమ్మని ఒకావిడ, నిదానంగా రమ్మని ఒకావిడ. ఈ ఇద్దరూ కలిసి నన్ను చంపుతారని విసుక్కుంటూనే, ఆగడానికి చోటు కనపడగానే బండి పక్కకి తీశాడు. ఊరికే కళ్ళు మూసుకుందామనుకున్నాడు. మొద్దులా పడి నిద్రపోయాడు. లేచేసరికి పొద్దు వాలిపోయింది.

వెర్నా ఇల్లు చేరేటప్పటికి మసక చీకటి. ఆవిడ టార్చి పట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉంది. ఇల్లు ఇక్కణ్ణించి ఎంతో దూరం లేదు, బండి దింపి పరిగెత్తితే కచేరీ చివర్లోనైనా పిల్ల కంట పడొచ్చని హార్లన్ ఆశ.

“బండి చుట్టూ ఓసారి తిరిగి చూసుకోండమ్మా. పాత సొట్టలేవో, దారిలో పడ్డవేవో తేల్చుకుని సంతకం పెట్టాలి.”

అందరూ చేసే పనే అది. వెర్నా మాత్రం టార్చి బండి మీద వెయ్యలేదు. అతని మొహం మీద వేసింది. దగ్గరికొచ్చి కళ్ళల్లోకి చూసింది.

“ఇంకా ఎర్రగానే ఉన్నాయి. మొక్కజొన్న రొట్టె, చిక్కుడుగింజల కూర వేడిగా ఉన్నాయి. తిని, కాసేపు నడుం వాల్చి వెళ్ళు.”

“కుదరదమ్మా. పిల్ల ఎదురుచూస్తుంటుంది.”

చేతిలో ఫోన్ మోగింది. నొక్కగానే ట్రీనా గొంతు వీధంతా వినబడింది.

“ఎక్కడ చచ్చావ్? మొదలైపోయింది! ఏం చేస్తావో నాకు తెలీదు, త్వరగా రా!”

ఫోన్ పెట్టేసింది. హార్లన్ పట్టీలు విప్పడానికి గబగబా వంగాడు.

వెర్నా టార్చి ఆర్పేసింది. అప్పుడు, మొదటిసారిగా, ట్రెయిలర్ మీద ఉన్న పికప్ వైపు తిరిగింది. నొక్కుకుపోయిన తలుపు మీద చెయ్యి ఆనించింది.

“ఈ బండిలో వస్తున్న మా ఆయనతో నేను ఫోన్‌లో అన్న ఆఖరి మాట కూడా అదే నాయనా,” అంది.