పులిహోర కలపని చెయ్యి

పొద్దున్నే జెల్ల చేప ముల్లు అంకాలమ్మ కుడి అరచేతిలో కసుక్కున దిగింది.

అదీ, మొగుడు నరసయ్య కొత్త పడవను సముద్రంలోకి దించే రోజున!

చెయ్యి బూరెలా పొంగింది. గంగమ్మ నైవేద్యం అప్పటికే ఒడ్డుకు వెళ్ళిపోయింది. ఆడవాళ్ళంతా పసుపు కుంకుమలతో పడవ దగ్గరే ఉన్నారు. పందిట్లో చాపల మీద బస్తా బియ్యం అన్నం ఆరుతోంది. చింతపండు పులుసూ తాలింపూ సిద్ధం. కలిపే చెయ్యే లేదు.

ఇంకాసేపట్లో మైపాడు మైపాడంతా భోజనానికి వచ్చి పడుతుంది.

ఈ పడవ కోసం నరసయ్య ఏళ్ళ తరబడి ఇంకొకరి పడవ మీద కష్టపడ్డాడు. ఈ పూట ఎవరైనా ఆకలితో లేచిపోతే ఊళ్ళో తలెత్తుకోలేనని అంకాలమ్మ దిగులు.

సరిగ్గా అప్పుడే రెబెక్కమ్మ వచ్చింది.

రెబెక్కమ్మ ఊరికి కొత్త. ఆ ఏడు, అంటే 1962 వేసవిలో, టైఫాయిడు మైపాడులో ఇంటికొకరిని మంచాన పడేసింది. ఆ క్రిమి ఎక్కడ దాక్కుందో కనిపెట్టడానికి మద్రాసు నుంచి కరుణాకుమారి డాక్టరమ్మ వచ్చి నీళ్ళూ, పాలూ, ఐసూ సీసాల్లో పట్టి పరీక్షకు పంపుతోంది. ఆమె వెంట వచ్చిన మనిషే రెబెక్కమ్మ. నీళ్ళు కాచుకోండి, అన్నం ముట్టేముందు సబ్బుతో చేతులు కడుక్కోండి అని ఇల్లిల్లూ తిరిగి చెప్పడం ఆమె పని. ఊరు ఊరుకుంటుందా? సబ్బమ్మ అని పేరు పెట్టేసింది.

"రా అక్కా, దేవుడల్లే వచ్చినావు! నా చెయ్యి చూడు ఎట్టా అయ్యిందో. బిన్నా, జనం వచ్చేలోగా ఆ అన్నం కలిపిపెట్టు."

రెబెక్కమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నేను కలపనమ్మా."

"రాదా?"

"వచ్చు." తాలింపు వాసనకు ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. "ముందు పసుపూ నూనే చల్లి అన్నం విడదియ్యాలి. ఆ తర్వాతే పులుసు. ఇక్కణ్ణించి చెప్తాను. చెయ్యి మాత్రం పెట్టను."

"చెప్పేదానికి నువ్వెందుకు? నాకు తెలవదా?"

"ఇంకెవర్నయినా పిలుచుకో తల్లీ."

"యాడుండారు? అందరూ ఒడ్డునే గదా! నీ కులం అడిగినానా నేను? మతం అడిగినానా? మర్యాదగా పిలిస్తే బెట్టు చేస్తావే?"

"బెట్టు కాదమ్మా. నా మాట విను. నా ఒంట్లో..."

"నీ ఒంట్లో కొవ్వుండాది. ఇంకేం లేదు!"

అంకాలమ్మ ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకుని చాప దాకా బరబరా ఈడ్చింది. వేళ్ళకూ అన్నానికీ మధ్య జానెడు దూరం కూడా లేదు.

రెబెక్కమ్మ కెవ్వున అరిచి ఒక్క తోపు తోసింది.

అంకాలమ్మ వెల్లకిలా ఇసకలో పడింది. ఎడమచేతి గాజులు పుటుక్కున పగిలాయి.

మొగుడి పడవ సముద్రంలో దిగే వేళకు పెళ్ళాం గాజులు పగలడమా!

కేకలకు ఒడ్డున ఉన్న జనమంతా పరిగెత్తుకొచ్చారు.

"చూడండమ్మా, చేపలోళ్ళ కూడు ముట్టుకుంటే మైలంట దీనికి! నా గాజులు పగలగొట్టింది. నా మొగుడికి ఏమన్నా అయితే దీన్ని బతకనిస్తానా?" అంటూ అంకాలమ్మ ఎడమచేత్తో గుప్పెడు ఇసక ఎత్తి ఆమె మొహాన కొట్టింది.

రెబెక్కమ్మ ఇసకైనా తుడుచుకోకుండా వెళ్ళిపోయింది.

ఊరిపెద్ద చిన్నపోలయ్య ఆ సాయంత్రమే డాక్టరమ్మతో చెప్పేశాడు. "మీరు రండి, కాదనం. ఆ పొగరుబోతుని మాత్రం మా ఊళ్ళో కాలు పెట్టనియ్యబాకండి."

పులిహోర వచ్చినవాళ్ళే తలా ఒక చెయ్యి వేసి కలిపారు. ఊరంతా కడుపునిండా తిన్నది. నరసయ్య వేటకు పోయి క్షేమంగా తిరిగొచ్చాడు.

దసరా వెళ్ళాక డాక్టరమ్మ ఒక్కతే వచ్చింది. జ్వరాలకు కారణం పాత బావి నీళ్ళని పరీక్షలో తేలింది. ఆ బావి మూయించాక ఊళ్ళో కొత్తగా ఒక్కరికీ జ్వరం రాలేదు.

అంకాలమ్మ ఆమెను కూర్చోబెట్టి కొబ్బరిబోండాం కొట్టిచ్చింది.

"మీ సబ్బమ్మ ఎట్టుండాది డాక్టరమ్మా? బెట్టు తగ్గిందా?"

"పోయింది అంకాలమ్మా. పోయిన నెల, ఆపరేషన్ బల్ల మీద."

"అయ్యో! ఏం రోగం? గుండ్రాయల్లే ఉండె గదా!"

"రోగం లేదు. టైఫాయిడు క్రిమి ఉంది. ఎప్పుడో జ్వరం వచ్చి తగ్గింది, క్రిమి మాత్రం కడుపులో పిత్తాశయమనే చిన్న సంచీలో ఉండిపోయింది. అలాంటివాళ్ళకు ఏమీ కాదు. వాళ్ళ చేతి అన్నం తిన్నవాళ్ళకు జ్వరం వస్తుంది. అందుకే ఎంత కడుక్కున్నా తన చెయ్యిని తనే నమ్మేది కాదు."

అంకాలమ్మ చివాలున లేచింది.

"అట్టాంటి మనిషినా పిల్లాజెల్లా ఉండే ఊళ్ళోకి తెచ్చినారు? మమ్మల్నందర్నీ సంపాలనా?"

అని అరిచిందో లేదో, పందిట్లో చాప గుర్తొచ్చింది.

ఊళ్ళోకి తెచ్చింది డాక్టరమ్మే. మరి ఆ చెయ్యి పట్టుకుని అన్నం దాకా ఈడ్చింది ఎవరు?

ఆ రోజు మొదటి బంతిలో కూర్చున్నది తన ఇద్దరు పిల్లలే. అంకాలమ్మ అక్కడే చతికిలబడింది.

"ఆ సంచీ తీసేస్తే క్రిమి పోవచ్చు. ప్రాణానికి పూచీ లేదని ఎంత చెప్పినా వినలేదు. ఎవరింట్లోనైనా ఒక్క పూట వంటకు సాయం చెయ్యాలని ఉందమ్మా అంది," అంది డాక్టరమ్మ.

అంకాలమ్మ తలెత్తి డాక్టరమ్మ వైపు చూసింది.

"ఒంట్లో జొరమే లేకపోతే, తన చెయ్యి అట్టాంటిదని ఆమెకెట్టా తెలిసింది?"

"ఒక హాస్టల్లో వంట చేసేది. పిల్లలు వరసగా జ్వరాలతో పడిపోతుంటే నీళ్ళు చూశాం, పాలు చూశాం, అన్నీ చూశాం. చివరికి ఆమెను పరీక్ష చేశాం."

"బిడ్డలు బతికినారా?"

"ఒక్కడు తప్ప అందరూ బతికారు," అంది డాక్టరమ్మ. "ఆ ఒక్కడూ రెబెక్కమ్మ కొడుకు."