నీళ్లు పడని బోర్లు

ఓబుళేసు కంప్యూటరు ఆ వారంలో మూడోసారి దానంతటదే ఆగిపోయింది.

జిల్లా అంతా తిరిగి రైతులకు బోరు పాయింట్లు పెట్టే మనిషి ఆయన. ఏ పొలంలో ఎన్ని అడుగులకు నీళ్లు పడ్డాయో, ఎక్కడ పడలేదో, ఇరవై రెండేళ్ల లెక్కంతా అందులోనే ఉంది.

గోరంట్ల బస్టాండు పక్కన కొత్తగా రిపేరు అంగడి పెట్టిన సుష్మను పిలిపించాడు. ఆ పిల్లది ఏ ఊరని కూడా అడగలేదు.

సుష్మ బల్ల మీదున్న టెంకాయను చూసింది.

"ఇంకా టెంకాయతోనే నీళ్లు చూస్తాండావా అన్నా?"

"మిషనూ ఉండాది. చేతిలో టెంకాయ లేసి నిలబడితేనే రైతుకు నమ్మకం."

ఆమె ఫైలు తెరిచి కిందికి జరుపుతూ పోయింది. విడపనకల్లు ఊరి వరుసల దగ్గర కాసేపు ఆగింది.

"పడనివి కూడా రాసినావే."

"రాసుకోకుంటే మళ్లీ ఆడనే బోరేపిస్తాం గదమ్మా."

"అయితే ఇది పోకూడదన్నా. ఇంకో కాపీ యాడుండాది?"

"ఇంకో కాపీనా?"

"విత్తనం కాయలన్నీ ఒక్క ఇంట్లోనే పెడతారా ఎవరన్నా? ఇదీ అంతే. ఒక సాఫ్ట్‌వేరు ఏస్తా. నువ్వు ఏమీ నొక్కే పనిలేదు. రోజూ అదే నెట్లో ఇంకో చోటికి కాపీ పంపిస్తాది. ఆ చోటు ఈ ఇల్లు మాత్రం గాకూడదు."

"అదంతా నాకేం తెలుసు? నీకు తోచినట్ల చెయ్యి."

ఆ మాట అన్నాడు, అనేసి మర్చిపోయాడు. ఎదుటివాళ్లు అన్నదే గుర్తుంటుంది మనకు, మనం అన్నది ఎందుకుంటుంది?

రెండు నెలలకు, చినుకు రాలకుండా ఉత్త ఉరుములే ఉరిమిన ఒక రోజు, దగ్గరలో పిడుగు పడి కంప్యూటరు మాడిపోయింది.

సుష్మ వచ్చి విప్పి చూసింది.

"డిస్కు కాలిపోయిందన్నా. నువ్వేం భయపడాకు. ఇంకో కాపీ విడపనకల్లులో మా ఇంట్లో ఉండాది."

ఓబుళేసు ముఖం నల్లబడింది.

"నా లెక్క మీ ఇంట్లో ఎందుకుండాది?"

"నువ్వే గదన్నా, నాకు తోచినట్ల..."

"అట్ల చెప్పు. నా కష్టమంతా మీ ఇంటికి తోలుకోని, ఈడ కాల్చిపెట్టినావు."

"రేపు పోయి తెస్తా. నువ్వే చూసుకుందువు."

"నిన్ను ఊరు దాటిచ్చకపోతే నేను ఓబుళేసునే కాదు, పో."

ఓబుళేసు మంచివాడే, పగ పట్టనంతవరకు. పడితే ఆయనకన్నా తాచుపాము నయం.

మరునాడు పొద్దున సుష్మ బస్సెక్కగానే పని మొదలుపెట్టాడు. టీ అంగట్లో చెప్పాడు, ఎరువుల అంగట్లో చెప్పాడు, మండలాఫీసు మెట్ల మీద నిలబడి చెప్పాడు.

"ఆ పాపకు కంప్యూటరు ఇచ్చినారంటే మీ కొంపలో గుట్టంతా వాళ్లింటికి పోతాది."

సుష్మకు అంగడి గది బాడుగకిచ్చిన వీరేష్, ఓబుళేసు పెట్టిన బోరు మీద బతుకుతున్న మనిషి. ఖాళీ చేయించమంటే కాదనలేకపోయాడు. మధ్యాహ్నానికి ఆమె సామానంతా రోడ్డు మీద పడింది. రెండు కంప్యూటరు తెరలు పగిలాయి.

"ఆడపిల్లప్పా, ఇంక సాలు," అన్నాడు వీరేష్.

"పగలనీ. అది పోయేదాకా నాకు ముద్ద దిగదు."

సాయంత్రం సుష్మ బస్సు దిగింది. పగిలినవి, పగలనివి గోతాంలో ఎత్తుకుంది. ఓబుళేసుకిమ్మని వీరేష్ చేతికి ఒక పొట్లం ఇచ్చి, వచ్చిన బస్సులోనే వెళ్లిపోయింది.

ఆ పూట ఓబుళేసు సంగటి ఒక ముద్ద ఎక్కువ తిన్నాడు.

పొట్లంలో డిస్కు ఉంది. దాని మీద చీటీ: "రెండో కాపీ. ఎర్రన్న ఇల్లు, విడపనకల్లు."

కొత్త కంప్యూటరు తెప్పించి డిస్కు తగిలించాడు. సగమన్నా చెరిపేసి ఉంటుందనుకున్నాడు. ఇరవై రెండేళ్లూ ఉన్నాయి. పిడుగు పడిన రోజు పొద్దున కొట్టిన పాయింటు కూడా ఉంది.

అయినా కడుపుమంట చల్లారలేదు.

"ఎర్రన్న అంట దీని నాయన. వాడెవడో సూసి, వాని పేరూ బజారున పెడతా."

ఎర్రన్న అని కొట్టి వెతికాడు. ఒకే ఒక్క వరుస వచ్చింది.

"ఎర్రన్న, విడపనకల్లు. పాయింట్లు ఏడు. నీళ్లు పడినవి లేవు."

చివరి గడిలో, పదిహేనేళ్ల కింద తన వేళ్లతో తానే కొట్టిన మాట అక్షరం చెరగకుండా ఉంది.

"ఏడోది ఎండినాక పురుగుల మందు తాగినాడు. రైతు లేడు."

ఓబుళేసు మీట మీద నుంచి చెయ్యి తీశాడు. బల్ల మీద టెంకాయ కనబడింది.

ఏడో పాయింటు నాడు ఓబుళేసు అరచేతిలో టెంకాయ పెట్టి, "ఈసారన్నా పడతాయా?" అని అడిగింది ఎర్రన్న కూతురు. ఆ ఎనిమిదేళ్ల పిల్లే సుష్మ.